మాయాబజారు మాయల వెనుక మార్కస్ బార్ట్లే

తెలుగువారు మరువజాలని ‘మాయాబజారు’ 1957 మార్చి 27న విడుదలయ్యెను. దర్శకులు కె.వి.రెడ్డిగారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబమున 1917లో జన్మించిన బార్ట్లేగారు అంతకుమునుపే ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) చిత్రములతో పేరు గడించిరి.

ఘటోత్కచుడైన రంగారావుగారు శశిరేఖయైన సావిత్రిగా మారుట చూచి మన పెద్దలు అబ్బురపడిరి. ఇట్టి మాయలకు మూలసూత్రము స్వల్పమే. కెమెరాను కదలకుండ బిగించి, నటుని చిత్రించి, ఆపుదురు. తక్కినవారు ఉన్నచోటనే బొమ్మలవలె నిలువవలెను. నటుడు తొలగిన చోట నటిని నిలిపి మరల చిత్రింతురు. ఆ రెండు తునకలను అతికినచో రూపము క్షణములో మారినట్లు తోచును. నడుమ కెమెరా వెంట్రుకవాసి జరిగినను, వెనుకనున్న స్తంభములు అదరినట్లగుపడి గుట్టు బయటపడును.

నౌకావిహార గీతమునందలి పండువెన్నెల సైతము బార్ట్లేగారు తమ నేర్పుతో కల్పించిన భ్రాంతియే.

ఆయన 1993లో గతించిరి. తెరపై కానరాని వ్యక్తి యగుటచే ఎరిగినవారు కొందరే. ఇకమీదట ఆ చిత్రమును చూచునపుడు, చదువరులు కెమెరా వెనుకనున్న ఆ ఓర్పును గూడ స్మరింతురుగాక.