రెండు హైదరాబాదుల నడుమ

2025 ఏప్రిల్ చివరి వారంలో అట్టారి సరిహద్దు ద్వారం వద్ద కనిపించిన దృశ్యాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. పహల్గామ్ ఘాతుకం తర్వాత పాకిస్తానీ పౌరులు దేశం విడిచి వెళ్ళాలని కేంద్రం గడువు విధించింది. తల్లి చేతిలో ఒక దేశపు పాస్‌పోర్టు, బిడ్డ చేతిలో మరో దేశపు పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలు ఆ ద్వారం దగ్గర రెండుగా చీలిపోయాయి. దేశభద్రత కోసం ప్రభుత్వం చర్యలు తీసుకోవడాన్ని కాదనేవారు లేరు. అయితే ఆ దృశ్యాలను చూసినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది వాటికి డెబ్బయ్యేళ్ళ నాటి మరో కుటుంబం. ఆ కుటుంబంలో ఒక సోదరుడు మన హైదరాబాదులో ప్రయోగశాలకు అధిపతి. మరో సోదరుడు సింధు రాష్ట్రపు హైదరాబాదులో ఖైదీ. ఆ ఖైదీ పేరు సజ్జాద్ జహీర్.

ఉర్దూ సాహిత్యలోకం బన్నే భాయ్ అని ఆప్యాయంగా పిలుచుకున్న జహీర్ లక్నోలో సంపన్న కుటుంబంలో జన్మించారు. తండ్రి సర్ వజీర్ హసన్ అయోధ్య చీఫ్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి. 1916 నాటి లక్నో ఒడంబడిక కుదర్చడంలో ముస్లిం లీగ్ కార్యదర్శిగా ముఖ్యపాత్ర వహించినవారు. అన్నగారు సయ్యద్ అలీ జహీర్ 1946లో నెహ్రూ నాయకత్వాన ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో సభ్యులు, తర్వాత ఇరాన్‌లో మన రాయబారి. మరో సోదరుడు డాక్టర్ హుస్సేన్ జహీర్ శాస్త్రజ్ఞుడు. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయాన్ని తీర్చిదిద్దినది ఆయనే. 1962లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యేదాకా ఆయన కార్యక్షేత్రం మన నగరమే.

ఇటువంటి ఇంట పుట్టిన సజ్జాద్ ఆక్స్‌ఫర్డులో చదివి, న్యాయవాది కావలసినవాడు కమ్యూనిస్టు అయ్యారు. 1932 చివర మరి ముగ్గురు మిత్రులతో కలిసి వెలువరించిన అంగారే అనే కథల సంపుటి ఎంత అలజడి రేపిందంటే, 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం దానిని నిషేధించింది. 1935లో లండన్‌లో భారతీయ విద్యార్థులను కూడగట్టి అభ్యుదయ రచయితల సంఘానికి అంకురార్పణ చేశారు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన జరిగిన ప్రథమ మహాసభకు సూత్రధారి ఆయనే. 1943లో తెనాలిలో మొదటి మహాసభ జరుపుకున్న మన అభ్యుదయ రచయితల సంఘం ఆ చెట్టుకు పూచిన కొమ్మే. 1945 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభకు కూడా ఆయన వచ్చారు. అలహాబాదులో కాంగ్రెసు పనిలో నెహ్రూకు సహచరుడిగా మెలిగిన రోజులూ, 1940 నుంచి 1942 వరకు లక్నో జైలులో గడిపిన రోజులూ ఆయన జీవితంలో ఉన్నాయి. ఈ దేశంతో ఆయనకున్న బంధాన్ని ఎవరూ శంకించవలసిన పనిలేదు.

1948 ఫిబ్రవరి చివర కలకత్తాలో కమ్యూనిస్టు పార్టీ రెండవ మహాసభ ప్రారంభమైంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఆకాశానికెత్తిన మహాసభగా తెలుగు పాఠకులకు అది సుపరిచితమే. ఆ మహాసభే పాకిస్తాన్‌కు వేరొక కమ్యూనిస్టు పార్టీ ఉండాలని తీర్మానించింది. దానికి ప్రధాన కార్యదర్శిగా జహీర్ ఎంపికయ్యారు. పశ్చిమ పంజాబ్ నుంచి హిందూ, సిక్కు నాయకులంతా వచ్చేయడంతో అక్కడ పార్టీకి నాయకత్వం కరువైంది. పార్టీ ఆదేశాన్ని శిరసావహించి, భార్య రజియాను, ముగ్గురు చిన్న కూతుళ్ళను ఇక్కడే విడిచి ఆయన వెళ్ళారు. వారిలో ఆఖరి పిల్ల అప్పటికి పొత్తిళ్ళలో ఉంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆయన దేశం మారాలని వెళ్ళలేదు; మతం కోసం, ఆస్తి కోసం, ఉద్యోగం కోసం వెళ్ళలేదు. ఆ రోజులలో లక్నో నుంచి లాహోరు వెళ్ళడమంటే ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్ళడమే అని ఎందరో భావించేవారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. కానీ నేల మీద గీసిన గీత కొద్ది నెలల్లోనే కాగితాల మీదికి ఎక్కింది. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి భారత ప్రభుత్వం పర్మిట్ పద్ధతి ప్రవేశపెట్టింది. పాకిస్తాన్ కూడా అదే బాట పట్టింది. వెళ్ళినప్పుడు తెరచి ఉన్న తలుపు తిరిగి చూసేసరికి మూతపడింది.

రాజ్యాంగ సభ చర్చల సంపుటాలను నేను అవసరార్థం తిరగవేస్తూ ఉంటాను. 1949 ఆగస్టు 10 నుంచి 12 వరకు పౌరసత్వ అధికరణలపై జరిగిన చర్చ వాటిలో మరీ ఆసక్తికరమైనది. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలస వెళ్ళినవారు భారత పౌరులుగా పరిగణింపబడరని ఏడవ అధికరణ నిర్దేశించింది. అయితే శాశ్వత నివాసానికై పర్మిట్‌తో తిరిగి వచ్చినవారికి ఒక మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపును జస్పత్ రాయ్ కపూర్, ఠాకూర్ దాస్ భార్గవ వంటి సభ్యులు గట్టిగా ప్రతిఘటించారు. అన్నీ పోగొట్టుకొని వచ్చిన శరణార్థులకు ఇచ్చిన ఇళ్ళూ భూములూ మళ్ళీ ఎవరికి చెందుతాయన్నది వారి ఆందోళన. అది అర్థం లేని ఆందోళన కాదు. నెహ్రూ, గోపాలస్వామి అయ్యంగార్ మినహాయింపును సమర్థించి నిలబెట్టారు. అల్లర్ల భయంతో పారిపోయి, ప్రభుత్వ అనుమతితో తిరిగివచ్చినవారిని పరాయివారనడం న్యాయం కాదన్నది వారి వాదన.

రాజ్యాంగంలో తక్కిన భాగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చినా, పౌరసత్వ అధికరణలు మాత్రం 1949 నవంబర్ 26ననే అమలయ్యాయి. ఆనాటికి జహీర్ పాకిస్తాన్‌లో పోలీసుల కంటబడకుండా అజ్ఞాతవాసంలో ఉన్నారు. పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టుకునే అవకాశం అజ్ఞాతంలో ఉన్నవానికి ఎక్కడిది? ఏ నోటీసూ, ఏ విచారణా లేకుండానే లక్నో బిడ్డ లక్నోకు పరాయివాడయ్యే పరిస్థితి ఏర్పడింది. వలస అనే ఒక్క మాటకు సరైన అర్థమేమిటని సుప్రీంకోర్టు 1966 దాకా విచారిస్తూనే ఉందంటే, ఆ మాట ఎన్ని జీవితాలను అల్లకల్లోలం చేసిందో ఊహించవచ్చు.

1951 మార్చి 9న పాకిస్తాన్ ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ రావల్పిండి కుట్రను ప్రకటించారు. మేజర్ జనరల్ అక్బర్ ఖాన్ నాయకత్వంలో కొందరు సైనికాధికారులు ప్రభుత్వాన్ని కూలదోయ యత్నించారన్నది అభియోగం. మహాకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్‌తో పాటు జహీర్‌ను కూడా ముద్దాయిగా చేర్చారు. విచారణ కోసం ప్రత్యేక శాసనం చేసి, ప్రత్యేక న్యాయస్థానాన్ని సింధులోని హైదరాబాదు జైలులో నెలకొల్పారు. విచారణ రహస్యం. ముద్దాయిల తరఫున వాదించినవారిలో తర్వాత పాకిస్తాన్ ప్రధాని అయిన సుహ్రవర్ది ఒకరు. జహీర్‌కూ ఫైజ్‌కూ నాలుగేళ్ళ శిక్ష పడింది.

ఆ సంవత్సరాలలో రజియా సజ్జాద్ జహీర్ లక్నోలో కళాశాల అధ్యాపకురాలిగా పనిచేస్తూ, అనువాదాలు చేస్తూ, కథలూ నవలలూ రాస్తూ పిల్లలను పెంచారు. భర్త మరణించలేదు, విడిపోలేదు. కానీ ఆయన ఉన్నది పరదేశపు చెరసాల. 1952 అక్టోబర్ 15 నుంచి భారత, పాకిస్తాన్‌ల మధ్య పాస్‌పోర్టు, వీసా పద్ధతి అమలులోకి వచ్చింది. అప్పటివరకు కొంత స్వేచ్ఛగా సాగిన రెండు బెంగాళ్ళ నడుమ రాకపోకలకు కూడా అడ్డుకట్ట పడింది. చెరసాలలో ఉన్నవానికి ఏ దేశపు పాస్‌పోర్టు ఇస్తారు? ఈ ప్రశ్నకు రెండు రాజ్యాల వద్దా సమాధానం లేదు.

జహీర్ ఆ జైలుకాలాన్ని వృథా చేయలేదు. బెలూచిస్తాన్‌లోని మచ్ జైలులో కూడా కొంతకాలం ఉన్నారు. హాఫిజ్ కవిత్వం మీద జిక్ర్-ఎ-హాఫిజ్‌నూ, అభ్యుదయ సాహిత్యోద్యమ చరిత్ర అయిన రోష్నాయ్‌నూ ఆయన చెరలోనే రాశారు. దేశానికి తిరిగి రాగలనో లేదో తెలియని మనిషి లక్నో, అలహాబాదు, బొంబాయి నగరాలను, అక్కడి మిత్రులను జ్ఞాపకం తెచ్చుకొని రాసిన పుస్తకం రోష్నాయ్ అని గుర్తుంచుకొని చదివితే, అందులోని ప్రతి పుటా వేరుగా కనిపిస్తుంది.

1954లో పాకిస్తాన్ కమ్యూనిస్టు పార్టీ నిషేధానికి గురైంది. ఆ అక్టోబరులో గవర్నర్ జనరల్ అక్కడి రాజ్యాంగ సభనే రద్దు చేయడంతో తలెత్తిన న్యాయవివాదాల పర్యవసానంగా 1955లో కుట్ర కేసు ఖైదీలు విడుదలయ్యారు. ఫైజ్‌కు ఇంటికి వెళ్ళే దారి ఉంది. జహీర్‌కు లేదు. తన రాజ్యంపై కుట్ర పన్నాడని శిక్షించిన దేశమే ఆయన తన పౌరుడు కాడంది. పుట్టిన దేశపు చట్టం ఆయనను పౌరుల జాబితా నుంచి తొలగించింది. అంటే విడుదలైన నాటికి ఆయన ఏ దేశానికీ చెందనివాడు. అప్పుడు నెహ్రూ కల్పించుకున్నారు. జహీర్ స్వదేశానికి రాగలిగారు. భారత పౌరసత్వం మళ్ళీ పొందారు. భార్యా పిల్లలను కలుసుకునేసరికి ఏడేళ్ళు గడచిపోయాయి.

ఇక్కడ ఆగి, ఒక చేదు నిజం చెప్పుకోవాలి. జహీర్‌కు నెహ్రూ పాత సహచరుడు. అన్న రాయబారిగా పనిచేసినవారు, తమ్ముడు ప్రసిద్ధ రచయిత. ఇవేవీ లేని నేతగాడు, బీడీ కార్మికుడు, గుమాస్తా సంగతి ఏమిటి? బంధువుల పెళ్ళికని, జబ్బుపడిన తల్లిని చూడాలని కరాచీ వెళ్ళి, తిరిగి రావడానికి వేరే మార్గం లేక పాకిస్తానీ పాస్‌పోర్టు తీసుకున్నవారు దేశమంతటా ఉన్నారు. 1955 డిసెంబర్ 30న వచ్చిన పౌరసత్వ శాసనం కింద చేసిన నిబంధనలు విదేశీ పాస్‌పోర్టు పొందడాన్నే పౌరసత్వం వదులుకున్నందుకు తిరుగులేని రుజువుగా పరిగణించాయి. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ నిబంధనను సమర్థించింది. అంతకు ముందు ఏడాదే మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాకిస్తానీ పాస్‌పోర్టుతో తిరిగివచ్చిన ఒక సామాన్యునిపై పెట్టిన కేసు ఆ న్యాయస్థానం ముందుకు వచ్చింది. పౌరసత్వం పోయిందో లేదో నిర్ణయించే అధికారం కేంద్రానిదేననీ, ఆ నిర్ణయం జరగకుండా విదేశీయుడని శిక్షించడం చెల్లదనీ కోర్టు తేల్చింది. ఆ మనిషికి అది గెలుపే. కాని సర్వోన్నత న్యాయస్థానం దాకా రాగలిగినవారెందరు?

తిరిగివచ్చిన జహీర్ ఉర్దూ వారపత్రికలకు సంపాదకత్వం వహించారు. 1964లో పిఘలా నీలం అనే వచన కవితా సంపుటి ప్రచురించారు. ఆఫ్రో-ఆసియా రచయితల ఉద్యమం పనిమీద అనేక దేశాలు తిరిగారు. ఆ ప్రయాణాలన్నిటికీ ఆయన చేతిలో భారత పాస్‌పోర్టు ఉంది. అయితే ఆనాటికి పాస్‌పోర్టు పౌరుని హక్కు కాదు, సర్కారు దయ. ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేనట్టు. విదేశ ప్రయాణం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరుగా చీలి తీర్పు చెప్పినది 1967 ఏప్రిల్‌లో. ఆ తర్వాతనే పార్లమెంటు పాస్‌పోర్టుల శాసనం చేసింది. 1978లో మేనకా గాంధీ కేసు తీర్పు ఆ హక్కును మరింత పటిష్ఠం చేసింది.

1973 సెప్టెంబర్ 13న ఆల్మా అటాలో ఆఫ్రో-ఆసియా రచయితల సదస్సు సందర్భంగా జహీర్ మరణించారు. 1971 యుద్ధం తర్వాత తెగిపోయిన రాకపోకలను పునరుద్ధరించే ఒప్పందం 1974 సెప్టెంబర్‌లో గాని కుదరలేదు. కనుక లాహోరులోని పాత చెరసాల మిత్రుని కలవాలన్నా మూడో దేశానికి వెళ్ళవలసిన రోజులవి. ఫైజ్ ఆయన మీద స్మృతి కవిత రాశారు.

జహీర్ సమాధి ఢిల్లీలో జామియా మిల్లియా శ్మశానవాటికలో ఉంది. ఓఖ్లా వైపు పని పడ్డప్పుడు నేను అక్కడ కాసేపు ఆగుతుంటాను. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి, మళ్ళీ భారత్‌కు వచ్చి స్థిరపడిన ప్రముఖ నవలా రచయిత్రి ఖుర్రతులైన్ హైదర్‌ను 2007లో అక్కడే ఖననం చేశారు. తిరిగి రాగలిగిన ఇద్దరూ ఒకే ఆవరణలో ఉన్నారు.

పౌరసత్వ శాసనాన్ని పార్లమెంటు 1986, 2003, 2019లతో సహా పలుమార్లు సవరించింది. ప్రతిసారీ సభలో భద్రత గురించి, చరిత్ర గురించి, ఓట్ల గురించి ప్రసంగాలు సాగాయి. ఎవరు పౌరుడో నిర్ణయించుకునే అధికారం ఏ రాజ్యానికైనా ఉండవలసిందే. అయితే ఆ నిర్ణయం ముందు నిలబడిన మనిషికి తన మాట చెప్పుకోవడానికి ఒక అవకాశం, వినడానికి ఒక అధికారి, గడువు లోపల ఒక జవాబు ఉండాలి. జహీర్‌కు ఇవేవీ చట్టం ద్వారా దక్కలేదు. ఒక ప్రధానమంత్రి స్నేహం ద్వారా దక్కాయి. అట్టారి వద్ద నిలబడిన తల్లులకు ప్రధానమంత్రుల స్నేహం ఉండదు. వారి కోసమైనా శాసనమే ఆ పని చేయాలి.