ఉడుతాభక్తి నిలబెట్టిన జంతుశాల

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు తోచదు. పుట్టింది ఒక ఊరు, అక్షరాలు దిద్దింది ఇంకో ఊరు, ఇప్పుడు ఉంటున్నది మరో ఊరు. ఉపాధ్యాయులమైన మాకూ అంతే. బదిలీ కాగితం రాగానే సామాను సర్దుతాం. ఏది తీసుకుపోవాలి, ఏది వదిలేయాలి అని లెక్క వేస్తాం. ఆ లెక్కలో తరచుగా మిగిలిపోయేవి మనం పెంచుకున్న కుక్కపిల్ల, కుందేలు, చేపలతొట్టె. వాటిని పక్కింటివాళ్లకు అప్పగించి, బండి కదిలేవరకు వెనక్కి చూస్తూ ఉంటాం.

ఈ సంచికలో మనం తెలుసుకోబోయే మనిషి కూడా అలా ఇళ్లు మారుతూ పెరిగినవాడే. పేరు జెరాల్డ్ డరెల్. ప్రపంచం నుంచి మాయమైపోతున్న జంతువులకు ఆయన ఒక చిన్న దీవిలో ఇల్లు కట్టాడు. కట్టింది ఆయనే. కానీ దాన్ని పడిపోకుండా నిలబెట్టింది ముక్కూముఖం తెలియని వేలమంది ఇచ్చిన చిన్న చిన్న చందాలు.

డరెల్ 1925 జనవరి 7న మన దేశంలోనే, జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. తండ్రి ఇంజనీరు. తల్లి లూయిసా రూర్కీలో పుట్టింది. ఇద్దరూ బ్రిటిష్ కుటుంబాలవారే అయినా వాళ్లకు తెలిసిన దేశం ఇదే. నలుగురు పిల్లల్లో జెర్రీ చివరివాడు. పెద్దన్న లారెన్స్ పుట్టింది జలంధర్‌లో. తండ్రి పని ఎక్కడ ఉంటే కాపురం అక్కడ. చిన్నప్పుడు ఆయాతో కలిసి చూసిన ఒక జంతుశాల జెర్రీ మనసులో ముద్ర వేసింది. జీవితాంతం ఆ జ్ఞాపకం అతన్ని వదలలేదు.

1928లో తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికి జెర్రీకి మూడేళ్లు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఇంగ్లండు చేరింది. అక్కడి చలి, ముసురు ఆ ఇంటిల్లిపాదికీ పడలేదు. 1935లో అందరూ గ్రీసు దేశంలోని కార్ఫూ అనే దీవికి మారారు. ఆ నాలుగేళ్లలో అక్కడ కూడా ఇళ్లు మారారు. జెర్రీ బడికి వెళ్లింది తక్కువ. ఇంటికి వచ్చి చెప్పే పంతుళ్ల దగ్గర కాస్త, ఆలివ్ తోటల్లో తిరుగుతూ ఎంతో నేర్చుకున్నాడు. థియోడర్ స్టెఫనిడీస్ అనే వైద్యుడు అతనికి దారి చూపించాడు. ఆయన ప్రకృతి శాస్త్రం తెలిసినవాడు. చిన్నపిల్లవాడని తీసిపారేయకుండా, నీటిబొట్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడడం నేర్పాడు. తాబేళ్లు, గుడ్లగూబ, తేళ్లు ఇలా దొరికిన ప్రాణినల్లా జెర్రీ ఇంటికి తెచ్చేవాడు. ఇంట్లోవాళ్లు కేకలు వేసేవారు. 1939లో యుద్ధం ముంచుకొచ్చింది. ఆ కుటుంబం మళ్లీ ఇంగ్లండుకు ప్రయాణమైంది.

యుద్ధకాలంలో డరెల్ కొన్నాళ్లు లండన్‌లో పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేశాడు. ఆ దుకాణం పేరే అక్వేరియం. 1945లో విప్స్‌నేడ్ జంతుశాలలో చిన్న ఉద్యోగం దొరికింది. పని పేడ ఎత్తడం, మేత వేయడం, బోనులు కడగడం. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. పెర్ డేవిడ్ జింకలని చైనాకు చెందిన జింకలున్నాయి. వాటి సొంత దేశంలో అవి పూర్తిగా అంతరించిపోయాయి. ఇంగ్లండులో ఒక జమీందారు తన తోటలో కాపాడిన మంద వల్లే ఆ జాతి మిగిలింది. ఆ జింకపిల్లలకు డరెల్ తన చేతులతో సీసాపాలు పట్టాడు. జంతుశాల అంటే జనానికి వినోదం మాత్రమేనా, లేక ఒక జాతి కష్టకాలం దాటేదాకా తలదాచుకునే చోటు కూడానా అన్న ప్రశ్న ఆయనలో మొలకెత్తింది. అంతరించిపోతున్న జంతువుల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు.

ఇరవై ఒకటో ఏట తండ్రి ఆస్తిలో ఆయన వాటాగా 3,000 పౌన్లు వచ్చాయి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. దానితో 1947లో ఆఫ్రికాలోని కామెరూన్‌కు, తర్వాత మరోసారి అక్కడికే, ఆ తర్వాత దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు వెళ్లాడు. అడవి జంతువులను పట్టి తెచ్చి ఇంగ్లండులోని జంతుశాలలకు అమ్మడం ఆ కాలంలో చాలామంది చేసే పని. డరెల్ కూడా అదే చేశాడు. మహనీయుల జీవితాలు చెప్పేటప్పుడు ఇలాంటి సంగతులు దాచడం మాకు ఇష్టం లేదు. అయితే ఆయన తన జంతువులకు మంచి తిండి పెట్టాడు, లాభం చూసుకోలేదు. మూడు ప్రయాణాలకే తండ్రి ఇచ్చిన డబ్బు హారతి కర్పూరంలా కరిగిపోయింది. ఒక్కడి డబ్బుతో జంతువులను ఎన్నాళ్లో పోషించలేమని ఆయనకు తెలిసిన మొదటి పాఠం ఇది.

1951లో జాకీని పెళ్లి చేసుకునేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. అక్క మార్గరెట్ ఇంట్లో చిన్న గదిలో కాపురం. అనుభవాలను రాయమని భార్య పోరింది. అప్పటికే రచయితగా పేరు తెచ్చుకున్న పెద్దన్న లారెన్స్ కూడా ప్రోత్సహించాడు. వెంట్రుకల్లాంటి నూగు ఉండే ఒక ఆఫ్రికా కప్ప గురించి రేడియోలో చెప్పిన ప్రసంగం శ్రోతలకు నచ్చింది. 1953లో తొలి పుస్తకం వచ్చింది. 1956లో కార్ఫూ బాల్యం గురించి రాసిన పుస్తకం ఆయన్ని లోకమంతటికీ పరిచయం చేసింది. రాయడం ఆయనకు కష్టంగానే ఉండేది. అయినా జంతువులకు మేత కావాలంటే రాయక తప్పేది కాదు.

1957లో మళ్లీ కామెరూన్ వెళ్లి వచ్చాడు. ఈసారి తెచ్చిన జంతువులను అమ్మదలచుకోలేదు. సొంత జంతుశాల పెట్టాలని పట్టుబట్టాడు. కానీ స్థలమేది? జంతువులను అక్క ఇంటి పెరట్లో ఉంచాడు. చుట్టుపక్కల ఊళ్లలో స్థలం అడిగితే అనుమతులు దొరకలేదు. చివరికి ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ దీవిలో ఒక పాత బంగళా, దాని చుట్టూ తోట అద్దెకు దొరికాయి. దీవి మొత్తం సుమారు 120 చదరపు కిలోమీటర్లే. 1959 మార్చిలో అక్కడ జంతుశాల తలుపులు తెరుచుకున్నాయి.

తలుపులు తెరవడం ఒక ఎత్తు, తెరిచి ఉంచడం ఒక ఎత్తు. టికెట్ల డబ్బు మేతకే చాలేది కాదు. బోనుల మరమ్మతు, పనివాళ్ల జీతాలు, చలికాలంలో గదులు వెచ్చగా ఉంచే ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా అప్పు. ఒకసారి ఒక వ్యాపారి దగ్గర గొరిల్లా పిల్ల ఉందని తెలిసింది. ఆ కాలంలో అలాంటి అమ్మకాలు సాగేవి, ఇప్పుడు నిషేధం. కొనేంత డబ్బు డరెల్ దగ్గర లేదు. ఆయన టెలిఫోన్ ముందు కూర్చుని దీవిలోని కలవారందరికీ ఫోన్లు చేశాడు. గొరిల్లాలో మీరూ ఒక వాటా తీసుకుంటారా అని అడిగాడు. కొందరు నవ్వుకున్నారు, కొందరు ఇచ్చారు. ఎన్‌పొంగో అనే ఆ గొరిల్లా అలా జెర్సీ చేరింది. ఒకరు మోయలేని బరువును పదిమందీ తలా ఒక చేయి వేసి మోయవచ్చని ఇక్కడ తెలిసింది.

1963 జూలైలో డరెల్ ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నాడు. జంతుశాలను తన సొంత ఆస్తిగా ఉంచుకోలేదు. జెర్సీ వన్యప్రాణి పరిరక్షణ ట్రస్టును స్థాపించి దానికి అప్పగించాడు. ఎవరైనా ఏటా చందా కట్టి సభ్యులు కావచ్చు. ట్రస్టు గుర్తుగా డోడో పక్షిని పెట్టుకున్నారు. మారిషస్ దీవిలో ఉండే ఆ పక్షి మనుషులు అడుగుపెట్టిన వందేళ్లలోపే పూర్తిగా నశించింది. మరో జాతికి ఆ గతి పట్టకూడదని గుర్తుచేయడానికే ఆ బొమ్మ.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. ఒక ధనవంతుడు ఒక్కసారి పెద్ద మొత్తం ఇస్తే ఒక భవనం లేస్తుంది. కానీ ఒక జాతిని బతికించడం ఏడాదిలో తేలే పని కాదు. జతలు కలవాలి, పిల్లలు పుట్టాలి, అవి పెరగాలి, అడవిలో వాటికి చోటు సిద్ధం కావాలి. పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ప్రతి ఉదయం మేత పడాలి, ప్రతి నెలా జీతాలు అందాలి. ఏటా తప్పకుండా వచ్చే చిన్న చందాలే ఆ భరోసా ఇస్తాయి. కొందరు ఒక జంతువును దత్తత తీసుకుని దాని పోషణకు డబ్బు పంపుతారు. కొందరు తమ తదనంతరం ఆస్తిలో కొంత ట్రస్టుకు చెందాలని వీలునామా రాస్తారు. పిల్లల కోసం ట్రస్టులో డోడో క్లబ్బు అని ప్రత్యేక విభాగం కూడా నడిచింది.

ఆ డబ్బు ఏం చేసిందో డోడో పుట్టిన మారిషస్‌లోనే చూడవచ్చు. అక్కడి మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలు 1974 నాటికి అడవిలో నాలుగే కనిపించాయి. అడవులు నరికేశారు, పురుగుమందులు గుడ్లను పాడుచేశాయి. గులాబి పావురాలను ఎలుకలు, పిల్లులు, కోతులు బతకనివ్వలేదు. 1976లో డరెల్ స్వయంగా మారిషస్ వెళ్లాడు. గులాబి పావురాలను కొన్నిటిని పట్టి మారిషస్‌లోనూ జెర్సీలోనూ పెంచారు. కార్ల్ జోన్స్ అనే యువ శాస్త్రవేత్త 1979లో అక్కడ పనిలో చేరాడు. కెస్ట్రెల్ గూటి నుంచి మొదట పెట్టిన గుడ్లను తీసుకుంటే తల్లి మళ్లీ గుడ్లు పెడుతుంది. తీసుకున్న గుడ్లను యంత్రాల్లో పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో వదిలారు. ఈ పనిలో ఇతర సంస్థలూ చేయి కలిపాయి. 1990 ప్రాంతంలో అడవిలో పదికి పడిపోయిన గులాబి పావురాలు నేడు వందల్లో ఉన్నాయి. కెస్ట్రెల్‌లు కూడా వందల్లోకి చేరాయి.

డరెల్ మరో సంగతి గ్రహించాడు. జెర్సీవాళ్లు ఎన్ని దేశాలకని పరుగెత్తుతారు? ఏ దేశపు జంతువులను ఆ దేశపు మనుషులే కాపాడుకోవాలి. అందుకని ఇతర దేశాల యువతను జెర్సీకి రప్పించి పని నేర్పించే ఏర్పాటు చేశాడు. మొదట వచ్చింది మారిషస్ యువకుడే. తర్వాత అతను తన దేశంలో జాతీయ ఉద్యానాల శాఖకు అధిపతి అయ్యాడు. 1979లో డరెల్ పెళ్లాడిన రెండో భార్య లీ జంతుశాస్త్రం చదువుకున్నది. మడగాస్కర్ లెమూర్లపై పరిశోధన చేసింది. ఆమె ఈ పనిలో ఆయనకు కుడిభుజం అయింది.

ఆయన పుట్టిన దేశానికి కూడా ఆ చందాల ఫలం అందింది. అస్సాంలో చదువుతున్న మన పాఠశాలల పిల్లలు ఈ కథ తప్పక తెలుసుకోవాలి. బ్రహ్మపుత్ర ప్రాంతపు ఎత్తైన గడ్డి మైదానాల్లో పిగ్మీ హాగ్ అనే మరుగుజ్జు అడవిపంది ఉంటుంది. ఎత్తు జానెడు పైన, బరువు పది కిలోలలోపే. అంతరించిపోయిందనుకున్న ఈ పంది 1971లో మళ్లీ కనిపించింది. 1995లో డరెల్ ట్రస్టు, అస్సాం అటవీశాఖ, కేంద్ర ప్రభుత్వం మొదలైనవి కలిసి దాని సంరక్షణ పథకం ప్రారంభించాయి. 1996లో మానస్ అడవి నుంచి తెచ్చిన ఆరు పందులతో గువాహటి దగ్గర పెంపకం మొదలైంది. 2008 నుంచి వాటి సంతతిని తిరిగి అస్సాం గడ్డి మైదానాల్లో వదులుతున్నారు. పులికీ ఏనుగుకూ దక్కే పేరు ఈ పందికి లేదు. అయినా ఎక్కడో ఎవరో దానికోసం చందా కట్టారు.

ఆ పందులు అడవికి చేరడం డరెల్ చూడలేదు. 1995 జనవరి 30న జెర్సీలో కన్నుమూశాడు. ఆయన చితాభస్మాన్ని జంతుశాలలోనే ఉంచారు. సాధారణంగా వ్యవస్థాపకుడు పోతే ఇలాంటి సంస్థలు తడబడతాయి. ఇది తడబడలేదు, ఎందుకంటే అప్పటికే అది ఒక్కరిది కాదు. 1999లో ట్రస్టుకు ఆయన పేరే పెట్టారు.

మన దగ్గర కూడా ఈ దారి ఉంది. ట్రస్టు పుట్టిన 1963లోనే, అక్టోబరులో, హైదరాబాదులో నెహ్రూ జంతుశాల ప్రారంభమైంది. అక్కడ పెంచిన మౌస్ డీర్ అనే బుల్లి జింకలను నల్లమల అడవుల్లోని అమ్రాబాద్‌లో వదిలారు. అక్కడా జంతువులను దత్తత తీసుకోవచ్చు. ఒక కుటుంబం చేయలేకపోతే ఒక తరగతి కలిసి చేయవచ్చు.

రాముడి వారధికి ఉడుత ఇసుక రేణువులు మోసిందని మన పెద్దలు చెబుతారు. అందుకే చిన్న సాయాన్ని ఉడుతాభక్తి అంటాం. డరెల్ ట్రస్టు సభ్యుల్లో ఎందరో జెర్సీ దీవిని చూడనివారు, గులాబి పావురం ఎగరడం ఎన్నడూ చూడనివారు. అయినా ఆ పావురం బతికి ఉండడంలో వాళ్ల వాటా ఉంది. ఊళ్లు మారే మనకు ఇది ధైర్యం చెప్పే మాట. ఒక చోటికి మేలు చేయాలంటే అక్కడే స్థిరపడి ఉండనక్కరలేదు. వచ్చే బదిలీకి సామాను సర్దేటప్పుడు చేపలతొట్టెను పక్కింటికి ఇవ్వాల్సి వస్తే ఇద్దాం. వదిలిపోతున్న ఊరి జంతుశాలలో ఒక ప్రాణికి మన తరగతి కట్టే చందా మాత్రం మనతోపాటు బయలుదేరనక్కరలేదు. అది అక్కడే ఉండి దాని పని అది చేసుకుపోతుంది.