నీటిలెక్క తెలిసిన విశ్వేశ్వరయ్యగారు

మన కోలారు, చిక్కబళ్లాపురము సీమలలో ఏడాది పొడవునను పాఱు నది యొక్కటియు లేదు. ఇచటి పల్లెలు చెఱువులను నమ్ముకొని బ్రతికినవి. అట్టి సీమలో, నందికొండకు సమీపమున నున్న ముద్దేనహళ్లి గ్రామమున, 1861 సెప్టెంబరు 15వ తేదీని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండ మను గ్రామమునుండి తరలివచ్చిన తెలుగువారు. ఊరు విడిచి తరములు గడచినను ఊరిపేరు ఇంటిపేరై నిలిచినది. మన పాఠశాలలోని పిల్లలలో ననేకుల యింటిపేళ్లును ఇట్టివే గదా! అవి వారెన్నడును చూడని యూళ్ల పేళ్లు.

తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు; తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబమునకు కష్టములు తప్పలేదు. చిక్కబళ్లాపురమున ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చేరి, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు తాము చదువుకొనిరి. 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిమ్మట పూనా నగరమున ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షయందు ప్రథములుగా నిలిచి, మఱుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో ప్రవేశించిరి.

వారిని గూర్చిన రెండు కొవ్వొత్తుల కథయు, రైలుపట్టాల కథయు పిల్లలందఱును వినియే యుందురు. వానిని మేమిచట మరల చెప్పబోము. కట్టుటకు ముందు కొలుచు అలవాటే వారి జీవితమున మాకు ముఖ్యముగా తోచినది. వాన యెంత, నేల యెంత త్రాగును, మిగిలిన నీరు ఎటు పోవును, ఎవ్వరికి చేరును అను ప్రశ్నలకు జవాబు దొరకినగాని వారు పటము గీయుటకు కూర్చుండెడివారు కారు.

ఈ యలవాటునకు తొలి పరీక్ష దక్కను కాలువలపై జరిగినది. పూనా ప్రాంతమున కాలువ యెగువనున్న ఆసాములు చెఱకు వేసి, నీటినంతయు తామే పెట్టుకొనెడివారు. దిగువ గ్రామములకు చుక్క చేరెడిది కాదు. ఎగువ పొలములకైనను మేలు కలిగెనా యన్న, అదియు లేదు. మితిమీఱిన నీటిచే నేల చౌడుపాఱెను, దోమలు పెరిగెను. విశ్వేశ్వరయ్యగారు ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క గ్రామమునకు కొంత భూమిని నిర్ణయించి, అందు చెఱకు, వరి, మెట్టపైరు వంతులవారీగా మార్చి వేయు పద్ధతిని ప్రతిపాదించిరి. ఆ నీటినే మునుపటికంటె ఎక్కువ గ్రామములు పంచుకొనవచ్చును. చెఱకు ఆసాములు తీవ్రముగా నెదిరించిరి, పత్రికలును విమర్శించినవి. వారు గ్రామములకు పోయి రైతులతో మాటలాడి, పద్ధతిని అమలులో చూపి ఒప్పించిరి. ఆనకట్టలకంటె ఈ పంపకమే గొప్ప పని యని మా యభిప్రాయము. రాళ్లు పేర్చుట కంటె, చేతిలోనున్న నీటిని పొరుగువానికి విడువుమని మనుష్యుని ఒప్పించుట కష్టము.

1903లో పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు వారు కల్పించిన తలుపులు అమర్చబడెను. నీరు నియమిత మట్టమును దాటినపుడు అవి తమంతట తామే తెఱచుకొనును. మట్టము తగ్గినపుడు మూసికొనును.

1908 సెప్టెంబరు 28వ తేదీని హైదరాబాదులో మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. అఫ్జల్‌గంజ్‌లోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువు విడిచి విదేశయాత్రలో నుండిరి. నైజాము ప్రభుత్వము కోరగా 1909 ఏప్రిల్ నెలలో హైదరాబాదు చేరిరి.

నది యేల పొంగెనను ప్రశ్నకు జవాబును వారు నగరములో వెదకలేదు. ఎగువన, వాన కురిసి నదిలోనికి దిగు ప్రదేశమున వెదకిరి. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళముల వర్షము కురిసినట్లు తేలినది. ఆ ప్రదేశమున 788 చెఱువులు కలవు. అనగా ఇంచుమించు చదరపు మైలునకొకటి. వానిలో 221 తెగిపోయినవి. మన ప్రాంతపు పిల్లలకు దీని నెక్కువగా వివరింప నక్కఱలేదు. గొలుసుకట్టు చెఱువులలో పైదాని కట్ట తెగెనా, క్రిందిది నిలువదు. నది కెక్కిన నీటిలో తెగిన చెఱువుల నీరును కలిసినది.

కావున నగరమున గట్టు లెత్తుచేసినంత మాత్రమున చాలదనియు, వరదను పైననే పట్టి నిలుపు జలాశయములు కావలయుననియు వారు సూచించిరి. ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఈ రెండును నగరమునకు త్రాగునీటిని గూడ నిచ్చినవి. వీని ఎగువన 84 గ్రామములలో కట్టడములను నియంత్రించుచు 1996లో వెలువడిన ఉత్తర్వులోని ఆంక్షలను 2022లో ప్రభుత్వము తొలగించెను. చెఱువులను ఒక్కొక్కటిగా లెక్కించిన మనిషి దీనికి సంతసించి యుండునని మేము తలంపలేము.

1909 నవంబరులో వారు మైసూరు సంస్థానమున చీఫ్ ఇంజనీరైరి. 1912 నుండి 1918 వఱకు దివానుగా నుండిరి. కావేరిపై కన్నంబాడి యొద్ద కృష్ణరాజసాగరము 1911లో ఆరంభమై, వారు దివానుగిరి విడిచిన చాలకాలమునకు, 1931 నాటికి పూర్తియైనది. దీనితో మన జిల్లాకు సంబంధము కలదు. 1902 నుండి కోలారు బంగారు గనులకు శివనసముద్రము విద్యుత్తు వచ్చుచుండెను. వేసవిలో నది సన్నగిల్లినపుడు విద్యుత్తును తగ్గెడిది. పైన నీటిని నిలువచేసి వేసవిలో విడుచుట ఆనకట్ట ప్రయోజనములలో నొకటి. మండ్య మెట్టభూములకు నీరిచ్చుట మఱియొకటి. అయితే కన్నంబాడి మొదలగు గ్రామములు ఆ నీటిలో మునిగినవి. ఇండ్లును, పొలములును విడిచి పోయినవారి నష్టమును చేర్చినగాని ఆ యానకట్ట లెక్క పూర్తికాదని మేము చెప్పక తప్పదు.

ముదిమి మీదపడినను వారు పని మానలేదు. మహానది వరదలు ఒరిస్సాను ముంచినపుడు, నదీ పరీవాహకమున జలాశయములకై ముందు సమగ్ర పరిశోధన జరుపవలెనని సూచించిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియైదేండ్ల ప్రాంతము. హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమగు నాటికి వారు జీవించియే యుండిరి.

1955లో భారతరత్న బిరుదము వారికి లభించినది. నూఱేండ్లు నిండిన పిమ్మట, 1962 ఏప్రిల్ 14వ తేదీని బెంగుళూరులో వారు కన్నుమూసిరి. ముద్దేనహళ్లిలో వారి సమాధియు, స్మారకమును కలవు. నందికొండకు విహారయాత్ర పోవు పిల్లలు దారిలో దిగి చూడవచ్చును.