మధ్యాహ్నం మూడింటికి ఒక నవల

డార్విన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది టెన్త్ బయాలజీలో చూసిన తెల్లగడ్డం బొమ్మ. పక్కనే ప్రకృతి వరణం, జిరాఫీ మెడ, బట్టీ కొట్టిన నాలుగు పాయింట్లు. నేనూ అక్కడే ఆగిపోయాను. మొన్న సెమ్ హాలిడేస్‌లో ఆయన రాసుకున్న ఆత్మకథ, తండ్రి గురించి కొడుకు ఫ్రాన్సిస్ రాసిన జ్ఞాపకాలు చదివాను. చదివాక నాకు సిద్ధాంతం కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది ఆయన టైమ్‌టేబుల్. అంత పెద్ద సైంటిస్టు రోజుకి కూర్చుని పనిచేసింది సుమారు నాలుగు గంటలే. మధ్యాహ్నం మూడింటికి మాత్రం సోఫాలో పడుకుని, భార్య చదువుతుంటే నవల వినేవాడు. అది తప్పేది కాదు.

మొదటి నుంచి చెప్తాను. చార్లెస్ డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. నాన్న బాగా పేరున్న డాక్టరు. ఎనిమిదేళ్ళకే అమ్మ పోయింది. స్కూల్లో లాటిన్, గ్రీకు తప్ప పెద్దగా ఇంకేం చెప్పేవాళ్ళు కాదు, ఆ రెండూ ఇతనికి ఎక్కేవి కాదు. ఇంటి తోటలో సామాన్లు పెట్టుకునే షెడ్డులో అన్నయ్యతో కలిసి కెమిస్ట్రీ ప్రయోగాలు చేసేవాడు. అందుకు స్కూల్లో గ్యాస్ అని పేరు పెట్టి ఏడిపించారు, హెడ్‌మాస్టరేమో టైం వేస్ట్ చేస్తున్నావని అందరి ముందూ తిట్టాడు. ఇంకోపక్క స్కూలు మందపు గోడలో ఉన్న కిటికీలో ఎక్కి కూర్చుని గంటల తరబడి షేక్‌స్పియర్ నాటకాలు చదివేవాడు. గిల్బర్ట్ వైట్ అనే ఆయన తన ఊరి పక్షుల మీద రాసిన పుస్తకం చదివి, అసలు అందరూ పక్షుల్ని చూస్తూ ఎందుకు బతకరా అని ఆశ్చర్యపోయాడట. పురుగులు, పక్షులు, కథలు ఆ పిల్లాడికి వేరు వేరు సబ్జెక్టులు కావు. నాన్నకి మాత్రం కుక్కలు, వేట, ఎలకలు పట్టడం తప్ప వీడికి ఇంకేం పట్టదని బెంగ. ఇంటి పరువు తీస్తావని ఒకసారి గట్టిగానే అన్నాడు. ఆ మాట కొడుకు ముసలివాడయ్యాక కూడా మర్చిపోలేదు.

నాన్న మాట మీద 1825లో ఎడిన్‌బరోలో మెడిసిన్‌లో చేరాడు. అప్పటికి క్లోరోఫాం లేదు. రెండు ఆపరేషన్లు చూశాడు, అందులో ఒకటి చిన్నపిల్లకి. పూర్తయ్యేదాకా ఉండలేక బయటికి పరిగెత్తాడు. ఆ రెండేళ్ళలో ఇష్టంగా నేర్చుకున్నది చచ్చిన పక్షుల్ని గడ్డి కూరి నిలబెట్టే పని. నేర్పింది జాన్ ఎడ్మన్‌స్టన్, గయానా నుంచి వచ్చిన ఒకప్పటి బానిస. మన పుస్తకాల్లో ఆ పేరు నాకెక్కడా కనబడలేదు.

డాక్టర్ కాకపోతే కనీసం చర్చి ఫాదర్ అవ్వమని నాన్న కేంబ్రిడ్జ్‌కి పంపాడు. అక్కడ పెంకుపురుగుల పిచ్చి పట్టింది. ఒకరోజు చెట్టు బెరడు ఊడదీస్తే రెండు అరుదైన పురుగులు దొరికాయి, చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో మూడో రకం కనబడింది. వదులుకోలేక, కుడిచేతిలో ఉన్నదాన్ని నోట్లో వేసుకున్నాడు. అది నాలుక కాలిపోయే ద్రవం చిమ్మితే ఉమ్మేశాడు, అదీ పోయింది, మూడోదీ పోయింది. ఇది చదివి హాస్టల్ రూంలో ఒక్కడినే పడీపడీ నవ్వాను.

బీగిల్ ప్రయాణం గురించి మీకు తెలుసు కాబట్టి త్వరగా దాటేస్తాను. 1831 డిసెంబర్ 27న ఓడ బయల్దేరింది, 1836 అక్టోబర్‌లో తిరిగొచ్చింది. నాన్న వద్దంటే మేనమామ వెళ్ళి ఒప్పించాడు. దారంతా వాంతులే. ఓడ దిగి లోపలికి వెళ్ళేటప్పుడు ఒకటే పుస్తకం తీసుకెళ్ళే వీలుంటే మిల్టన్ కావ్యం జేబులో పెట్టుకునేవాడు. ఆ వయసుకి కవిత్వం అంటే అంత ప్రాణం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. గాలపాగోస్‌లో ఫించ్ పక్షుల్ని చూడగానే అంతా అర్థమైపోయిందన్న కథ మాత్రం నిజం కాదు. ఏ పక్షి ఏ దీవిలో దొరికిందో ఆయన సరిగ్గా లేబుల్ కూడా వెయ్యలేదు. కామెంట్లు రాయకుండా కోడ్ రాసి ఆర్నెల్ల తర్వాత తల పట్టుకునే మన బాపతే. లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షి నిపుణుడు అవన్నీ వేరు వేరు జాతులని తేల్చాక, ఓడలో మిగతావాళ్ళు లేబుల్ వేసుకున్న పక్షుల్ని అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

పెళ్ళి చేసుకోవాలా వద్దా అని కాగితం మీద లాభనష్టాలు రాసుకున్నాడు. ఆ లెక్కలో భార్య తోడు కుక్క తోడు కన్నా నయం అని కూడా ఉంది! ఏదైతేనేం, 1839లో మేనమామ కూతురు ఎమ్మాని చేసుకున్నాడు, మన ఇళ్ళలో మేనరికం లాగే. 1842లో కెంట్ జిల్లాలో డౌన్ అనే పల్లెటూళ్ళో ఇల్లు కొన్నారు. మిగిలిన నలభై ఏళ్ళూ అక్కడే.

ఆ ఇంటి రోజు ఇలా ఉండేది. పొద్దున్నే కాస్త నడక, టిఫిన్, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పని. తర్వాత ఉత్తరాలు, కాసేపు ఎవరైనా నవల చదివితే వినడం. మళ్ళీ పదిన్నర నుంచి పన్నెండు దాకా పని. అప్పుడు ఇంటి వెనక చెట్ల మధ్య ఇసక దారిలో నడిచేవాడు. ఎన్ని చుట్లయ్యాయో మర్చిపోకుండా దారి మొదట్లో కొన్ని రాళ్ళు పేర్చి, చుట్టుకొకటి కాలితో తన్నేవాడు. భోజనం, పేపరు, ఉత్తరాలకి జవాబులు. మూడింటికి పైగదిలో సోఫా, సిగరెట్, నవల. నాలుగున్నరకి ఇంకో గంట పని. రాత్రి ఎమ్మాతో బ్యాక్‌గామన్, అంటే పాచికలతో ఆడే ఆట, రోజూ రెండు గేములు. స్కోరు ఏళ్ళ తరబడి రాసిపెట్టాడు: 1876 నాటికి ఎమ్మా గెలిచినవి 2490, తను గెలిచినవి 2795. నశ్యం అలవాటు తగ్గించుకోవడానికి డబ్బాని హాల్లో పెట్టేవాడు, లేచి అంత దూరం వెళ్ళడానికి బద్ధకమేసి మానేస్తానని. ఫోన్ పక్క రూంలో పెట్టి చదువుకునే వాళ్ళకి ఈ బాధ తెలుసు.

ఇది సుఖమైన జీవితంలా కనిపిస్తుంది కానీ కాదు. ఓడ దిగిన కొన్నాళ్ళకే కడుపు జబ్బు పట్టుకుంది, జీవితాంతం వదల్లేదు. నాలుగు గంటల పని అందుకే. ఆ కొద్ది టైంలోనే బార్నకిల్స్ మీద ఎనిమిదేళ్ళు గడిపాడు. ఓడల అడుగుకీ రాళ్ళకీ అంటుకుని పెరిగే పెంకు జీవులు అవి. పుట్టినప్పటి నుంచి నాన్న అదే పని చేస్తుంటే చూసిన ఒక పిల్లాడు, పక్కింటాయన బార్నకిల్స్ ఎక్కడ చేసుకుంటాడని అడిగాడట. నాన్నలందరికీ అదే పని అనుకున్నాడు పాపం.

1851 ఏప్రిల్‌లో పెద్ద కూతురు యానీ చనిపోయింది. పదేళ్ళు. వైద్యం కోసం మాల్వెర్న్ తీసుకెళ్తే అక్కడే పోయింది, పక్కన కూర్చుని చూసింది ఆయనే. వారం తర్వాత పాప నవ్వు, నడక లాంటివి మర్చిపోకూడదని కొన్ని పేజీలు రాసి పెట్టుకున్నాడు. 1858లో, వాలెస్ దగ్గర్నుంచి అదే సిద్ధాంతం ఉత్తరంలో వచ్చిన రోజుల్లోనే, ఏడాదిన్నర బాబు పోయాడు. జులై 1న ఇద్దరి పేపర్లూ లండన్‌లో చదువుతుంటే ఆయన అక్కడ లేడు. తర్వాతి ఏడాది నవంబర్‌లో జాతుల పుట్టుక మీద పుస్తకం వచ్చింది, మొదట వేసింది 1250 కాపీలు.

ఇప్పుడు కవిత్వం సంగతి. 1876లో పిల్లల కోసం ఆత్మకథ రాస్తూ ఒక విషయం ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ దాకా ప్రాణంగా చదివిన కవిత్వం ఇప్పుడు ఒక్క లైను కూడా భరించలేకపోతున్నాడు. షేక్‌స్పియర్ చదివితే విసుగు. బొమ్మలు, సంగీతం మీదా రుచి దాదాపు పోయింది. ఎప్పుడూ వివరాల్లోంచి సూత్రాలు పిండడమే పని అయి, మెదడు మరలా తయారైందని, మళ్ళీ పుడితే వారానికోసారైనా కవిత్వం, సంగీతం పెట్టుకుంటానని బాధపడ్డాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఇంటర్ రెండేళ్ళూ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎంసీక్యూలు చేసి బయటికొచ్చాక, అంతకు ముందు ఒక్క రాత్రిలో నవల లాగించిన నాకు పది పేజీలు కుదురుగా చదవడం రాలేదు. ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగైతే మరీ కష్టం. నాది రెండేళ్ళే, ఆయనది నలభై ఏళ్ళు.

కానీ నవలలు పోలేదు. గొప్పవే కావాలని లేదు, మామూలువైనా సరే. వాల్టర్ స్కాట్, జేన్ ఆస్టిన్ అయితే మళ్ళీ మళ్ళీ. హీరోయిన్ అందంగా ఉంటే ఇంకా మంచిది. చివరికి అందరూ బాగుండాలి, విషాదాంతం రాసేవాళ్ళకి చట్టం పెట్టాలని సరదాగా అనేవాడు. దీన్ని చాలామంది జోకులా చెప్తారు. నాకలా అనిపించలేదు. గొంగళిపురుగుని బతికుండగానే లోపల్నించి తినే కందిరీగ పిల్లల గురించి పొద్దున ఆలోచించి, ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి ఎవరూ చావని కథ అడిగాడంటే నాకు అర్థమవుతుంది.

ఆఖరి పుస్తకం వానపాముల మీద, 1881 అక్టోబర్‌లో వచ్చింది. అవి వింటాయా లేదా తేల్చడానికి ఇంట్లో అందరినీ దించాడు. ఎమ్మా పియానో, ఫ్రాన్సిస్ బసూన్, మనవడు బెర్నార్డ్ విజిల్. వానపాములు పట్టించుకోలేదు. కుండీని పియానో మీదే పెట్టి మీట నొక్కితే మాత్రం, అదురు తగిలి టక్కున బొరియల్లోకి దూరిపోయాయి. సంగీతం రుచి పోయిందని రాసిన మనిషి, డెబ్భై దాటాక పురుగులకి కచేరీ పెట్టించాడు.

1882 ఏప్రిల్ 19న డౌన్‌లోని ఇంట్లోనే పోయాడు. ఊరి చర్చి దగ్గరే పూడుస్తారని అనుకున్నాడు, ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకున్నారు. లండన్‌లో పెద్దలు కలగజేసుకుని వెస్ట్‌మినిస్టర్ ఆబీకి తీసుకెళ్ళారు. పద్నాలుగేళ్ళ తర్వాత ఎమ్మా పోతే, ఆమెని డౌన్‌లోనే పూడ్చారు.