చందమామ కుటుంబరావు గారు

మా బషీరాబాదు వైపు ఒక ఇంటికి చందమామ వస్తే వాడంతా చదివేది. సరిహద్దు అవతల ఉన్న మా చుట్టాల పిల్లలు అదే పత్రికను కన్నడంలో చదివేవారు. మాంత్రికులు, రాక్షసులు, నేల క్రింది కోటలు! ఆదివారపు బడికి వచ్చే పిల్లలకు ఇవి తగునా అని మా పెద్దలలో కొందరు సంశయించారు. వాటిని దిద్ది అచ్చుకు పంపిన మనిషి మంత్రాలను బొత్తిగా నమ్మనివాడని మాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో తెనాలిలో జన్మించారు. భౌతికశాస్త్రం చదివారు. కాశీలో ఎమ్మెస్సీలో చేరి, డబ్బు చాలక మధ్యలో మానుకున్నారు. పెద్దలకు వ్రాసిన కథలలోను, నవలలలోను మూఢనమ్మకాలను ఎత్తిచూపిన హేతువాది. అట్టివారు 1952 నుండి 1980 ఆగస్టులో కన్నుమూసే వరకు చందమామను నడిపారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, పాతాళదుర్గం వంటి ధారావాహికలు ఆ కాలంలోనివే. ఎవరు పంపిన కథనైనా కుటుంబరావు గారు పిల్లల నోట తేలికగా పలికే తెలుగులో తిరగవ్రాసేవారు. అద్భుత కథలు పిల్లల ఊహకు బలమిస్తాయని ఆయన అభిప్రాయం. ఆ చాకిరీకి ఆయన పేరు వేసుకోలేదు.

సంశయించిన మా పెద్దలు కూడ మధ్యాహ్నం పూట, పిల్లలు బడికి వెళ్లాక, ఆ సంచిక కోసం వెదికేవారు.