కొరియా నౌకాధిపతి యీ సున్-సిన్

కొరియా ద్వీపకల్పము 1945లో 38వ అక్షాంశరేఖ వెంబడి రెండుగా చీల్పబడినది. 1950లో అచట రగిలిన యుద్ధము 1953 జూలై 27న విరమణతో ఆగినదే కాని, నేటికిని శాంతిసంధి కుదరలేదు. మరల యుద్ధము వచ్చిన నేమగునని తలపోయువారు ఇరుప్రక్కల సేనలను, ఫిరంగులను లెక్కించుచుందురు. అంతకుముందు లెక్కింపవలసినవి కొన్ని కలవని యీ సున్-సిన్ చరితము తెలుపుచున్నది.

ఈయన 1545లో నేటి సియోలు నగరమున జన్మించెను. 1572 నాటి సైనికపరీక్షలో గుఱ్ఱముపైనుండి పడి కాలు విఱుగగా, చెట్టుపట్టతో కట్టు కట్టుకొని తిరిగి గుఱ్ఱమెక్కెనని చెప్పుదురు. ఉత్తీర్ణుడైనది మాత్రము 1576లో. ఉత్తరపు సరిహద్దున కొలువు, పైవారి యసూయ, పదవీభ్రంశము, ఇంతలో నడివయసు గడచిపోయెను.

1590లో కొరియారాజు జపాను నేత హిదెయోషి యుద్దేశ మెఱుగుటకై రాయబారులను పంపెను. మరుసటియేడు మరలివచ్చినవారిలో ఒకడు దండయాత్ర తప్పదనెను, వేఱొకడు రాదనెను. ఇరువురును వేర్వేఱు కక్షలవారు. కొలువువారు నిజమును విడిచి కక్షబలమును చూచిరి. ఆ యేడే దక్షిణతీర నౌకాదళమున కధిపతియైన యీ సున్-సిన్ ఎవరి మాటకొఱకును వేచియుండక నావలను బాగుచేయించి, పైకప్పుగల తాబేటినావను నిర్మింపజేసెను. 1592లో జపానుసేన పుసాను తీరమున దిగుటకు ముందునాడే దాని ఫిరంగులను పరీక్షించి ముగించెను.

మూడు వారములలో రాజధాని పడిపోయెను. రాజు ఉత్తరమునకు పాఱిపోయెను. 1950లో నీ నగరమే మూడు దినములలో పడినది. విభజనరేఖకు సుమారు 50 కిలోమీటర్ల దూరముననే యున్న దానికి తొలిదెబ్బ తగులుననుటలో సందేహమేమి? కాని 1592లో ప్యోంగ్‌యాంగు వఱకు చొచ్చినవారికి సముద్రముపై తిండియు, బలగమును రాలేదు. హన్సాన్ దీవికడ కొంగఱెక్కలవలె నావలను పన్ని, యీ సున్-సిన్ 73 శత్రునౌకలలో 59ని ముంచియో పట్టియో హరించుటయే కారణము. 1950లోను పుసాను రేవు దక్కుటచేతనే దక్షిణము దక్కినది; ఇంచోను తీరమున దిగిన సేన పోరుగతిని మార్చినది. అణ్వస్త్రములు చేరిన రేపటిపోరు మఱింత ఘోరమగును. ఐనను రేవులు లేక దక్షిణము చిరకాలము నిలువజాలదు.

1593లో హిదెయోషి దక్షిణపు నాలుగు రాష్ట్రములను తనకిమ్మని చీనాను కోరెను. అడిగినవాడు జపాను, అడుగబడినవాడు చీనా. ఇంటివానికి నోరు లేదు! 1945లో గీత గీచినవారును పరులే గదా!

1597లో వేగువాని కబురు నమ్మి దాడికి వెడలుమని కొలువు ఆజ్ఞాపింపగా, అది వలయని శంకించి ఆయన కదలలేదు. అందులకు చెఱయు, చిత్రహింసయు, సామాన్యభటుని పదవియు ప్రతిఫలములైనవి. విడుదలయైన దినములలోనే తల్లి మరణించెను. ఆయన స్థానమునకు వచ్చిన వోన్ గ్యున్ నౌకాదళము నించుమించుగ నంతటిని పోగొట్టగా, మరల యీ సున్-సిన్‌నే పిలువవలసివచ్చెను. మిగిలిన 13 నావలతో మ్యోంగ్‌న్యాంగు జలసంధిలో, ఆటుపోటుల వడియే అండగా, నూటికి మించిన నావల నెదిర్చి గెలిచెను.

హిదెయోషి మరణానంతరము, 1598 డిసెంబరులో, స్వదేశమునకు మరలుచున్న జపాను నావలను నోర్యాంగుకడ నడ్డగించుచు గుండుదెబ్బ తిని కూలెను. పోరు ముగియువఱకు తన చావును దాచుడని కోరెను. అన్నకొడుకు ఆయనకు మాఱుగా నిలిచి పోరు నడిపెను. గెలుపు తెలిసిన పిమ్మటనే నావికులకు మరణవార్తయు తెలిసినది.