ఫౌజ్ పోయింది.. జైలు అయింది.. 35 ఏళ్ల వయసులో జిందగీ మళ్లీ మొదలు: 'జై హింద్' ఆబిద్ హసన్ సఫ్రానీ కథ

ఆత్మకూర్: ఆగస్టు 15 వచ్చిందంటే మన ఆత్మకూర్ బడుల్లో చిన్న పిల్లాడు కూడా గట్టిగా 'జై హింద్' అంటాడు. ఆ మాటను మొదట తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం నౌజవాన్ అని చాలామందికి తెలియదు. ఆయనే ఆబిద్ హసన్ సఫ్రానీ. నేతాజీ సుభాష్ చంద్రబోస్‌తో సబ్‌మెరీన్‌లో ప్రయాణం చేసిన ఏకైక హిందుస్తానీగా ఆయన పేరు అందరూ చెప్పుకుంటారు. కానీ ఫౌజ్ వదిలిన తర్వాత ఆయన ఏం చేశారన్నది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అసలు తెలుసుకోవాల్సింది అదే.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాద్‌లో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తండ్రిది నిజాం సర్కారులో ఉద్యోగం. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం మాత్రం గాంధీజీ ఉద్యమాన్ని నమ్మిన మనిషి. ఆ కాలంలో ఇంగ్లండ్‌కు పోయి చదవడం పెద్దింటి పిల్లలకు మామూలే. ఆబిద్ మాత్రం ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీకి పోయారు.

చదువు పూర్తి కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా నేతాజీ బెర్లిన్ చేరుకున్నారు. ఆయనను కలిసిన ఆబిద్ పుస్తకాలు పక్కన పెట్టేసి ఆయనకు సెక్రటరీ అయ్యారు, దుబాసీ అయ్యారు. అప్పుడు జర్మనీలో తయారవుతున్న హిందుస్తానీ ఫౌజ్‌లో హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒకే దళంలో కలిసి ఉండేవాళ్లు. ఎదురుపడితే ఒకరు రామ్ రామ్ అనేవారు, ఒకరు సలాం అనేవారు, ఇంకొకరు సత్ శ్రీ అకాల్ అనేవారు. అందరూ చెప్పుకోగల ఒకే సలాం కావాలని వెతికి ఆబిద్ 'జై హింద్' అనే మాట తెచ్చారు. జెండాలో కాషాయం రంగు మీద వచ్చిన వాదన సర్దుకున్న తర్వాత, ఆ రంగు పేరునే తన పేరుకు కలుపుకొని సఫ్రానీ అయ్యారని చెబుతారు.

1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవు నుంచి సబ్‌మెరీన్‌లో నేతాజీ, ఆబిద్ బయలుదేరారు. ఇరుకు గది, డీజిల్ వాసన. ఆ గదిలోనే నేతాజీ చెబుతుంటే ఆబిద్ రాసుకునేవారు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర నడి సముద్రంలో రబ్బరు పడవ మీద జపాన్ సబ్‌మెరీన్‌లోకి మారారు. మే నెలలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో ఒడ్డున దిగారు. తర్వాత ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మేజర్‌గా 1944లో ఇంఫాల్ దారి పట్టారు. వానలు, మలేరియా, ఆకలి మధ్య ఆ ఫౌజ్ వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ సిపాయిల గురించి ఆయన తర్వాత 'ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్' పేరుతో రాశారు. తన గొప్ప కోసం కాదు, వాళ్ల కోసం రాశారు.

1945 ఆగస్టులో నేతాజీతో సైగాన్ దాకా వెళ్లినవాళ్లలో ఆబిద్ కూడా ఉన్నారు. విమానంలో సీట్లు లేక నేతాజీతో పాటు హబీబుర్ రహమాన్ ఒక్కరే ఎక్కారు. ఆబిద్ అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కి జైలు పాలయ్యారు. 1946లో బయటికొచ్చారు.

అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. లెక్క వేసి చూస్తే చేతిలో ఏముంది? డిగ్రీ సగంలో ఆగింది. నాయకుడు లేడు. ఫౌజ్ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లను దేశ సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. కొన్నాళ్లు కాంగ్రెస్‌లో పని చేశారు. తర్వాత కరాచీకి పోయి బెంగాల్ ల్యాంప్ అనే బల్బుల కంపెనీలో చేరారు. సబ్‌మెరీన్‌లో సముద్రాలు దాటిన మేజర్ సాబ్ బల్బుల కంపెనీలో నౌకరీ చేయడానికి నామోషీ పడలేదు.

అంతలో దేశం రెండు ముక్కలైంది. ఉద్యోగం ఉన్న ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది. అక్కడే ఉండిపోతే అడిగేవాళ్లు లేరు. ఎన్నో కుటుంబాలు ఇటు నుంచి అటు పోతున్న రోజులవి. ఆబిద్ అటు నుంచి ఇటు వచ్చారు. చేతిలోని నౌకరీ వదులుకొని హైదరాబాద్ చేరుకున్నారు.

ఆ తర్వాతే ఆయనకు తగిన పని దొరికింది. కొత్తగా ఏర్పడిన భారత విదేశాంగ సర్వీసులో చేరారు. ఫౌజ్ రోజుల్లో నేర్చుకున్నదేదీ వృథా పోలేదు. దుబాసీగా నేర్చిన భాషలు, వేరే దేశాల వాళ్లతో మాట్లాడే పద్ధతి, తలా ఒక మాట అంటుంటే అందరికీ సరిపడే మాట వెతికే ఓపిక, దౌత్యవేత్తకు కావాల్సినవి ఇవే కదా. ఈజిప్ట్, డెన్మార్క్ లాంటి దేశాల్లో హిందుస్తాన్ తరఫున పనిచేశారు. 1969లో రిటైర్ అయ్యి హైదరాబాద్‌లోనే స్థిరపడ్డారు. 1984లో ఇంతేఖాల్ అయ్యారు.

ఆయన అన్న బద్రుల్ హసన్ కూతురు సురయ్యా హసన్ నేతాజీ కుటుంబంలోకే కోడలిగా వెళ్లారు. తర్వాత హైదరాబాద్‌లో హిమ్రూ, మష్రూ నేతకు మళ్లీ ప్రాణం పోశారు. దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర పేద పిల్లల కోసం నడిచిన బడికి బాబాయి పేరే పెట్టారు. అదే సఫ్రానీ మెమోరియల్ హైస్కూల్.

ఇవాళ అగ్నివీర్‌లుగా చేరిన పిల్లల్లో నాలుగేళ్ల తర్వాత ఫౌజ్‌లో ఉంచుకునేది 25 శాతం వరకే. మిగతా వాళ్లు పాతికేళ్లు నిండీ నిండకముందే ఇంటికొస్తారు. ఇక వీడి పని అయిపోయిందని చుట్టాలు అంటారు, వాడికీ అలాగే అనిపిస్తుంది. అలాంటి ఇంట్లో అమ్మీ, అబ్బా ఒకసారి ఆబిద్ హసన్ కథ చెప్పాలి. యూనిఫాం విప్పిన రోజున ఆయన దగ్గర సర్టిఫికెట్ లేదు, నేర్చుకున్న పని ఉంది. మొదట దొరికిన చిన్న నౌకరీని కాదనలేదు, అక్కడే ఆగిపోనూ లేదు. సిపాయిగా ఉన్నది కొన్నేళ్లే. దేశానికి పనికొచ్చింది మాత్రం ఆ తర్వాత కూడా 20 ఏళ్లకు పైనే.